చిన్ని కాలికి చీర అంచు కట్టు

“ఏటత్తా, ఏటి చేసీసినారు దాని కాలికి?”

“నేనేటీ చెయ్యలేదు.”

“మరి వేళ్లు నీలమైపోయినాయేటి?”

“చల్లగాలికి అయ్యుంటాది.”

బిలాస్‌పూర్ మండుటెండల్లో, డాక్టరు గదిలో నిలబడి, మూడో తరగతితో చదువాపిన నేను నా కోడలితో ఆడిన అబద్ధమిది. అది మమ్మల్ని ఎంత లోతున ముంచిందో వినండి.

నా మనవరాలు చిన్నికి ఐదేళ్లు. దాని కుడికాలు ఎడమకాలి కంటే జోరుగా పెరుగుతోంది. బొటనవేలూ పక్కవేలూ గుమ్మడి పిందెల్లా తేలాయి. ఆస్పత్రికి వెళ్దామంది కోడలు సరళ. అక్కడ వేళ్లు కోసేస్తారని మా రైల్వే క్వార్టర్ల పక్కింటావిడ నా చెవిన వేసింది. ఆ క్షణం నుంచి నా గుండెల మీద గూడ్సుబండి నడుస్తూనే ఉంది.

మొక్కగా ఉన్నప్పుడే వంచాలంటారు కదా, నేను వేళ్లను వంచబోయాను. ఆస్పత్రికి బయల్దేరే పొద్దున పాత చీర అంచు చింపి, పరుపుచుట్టకు తాడు బిగించినట్టు బిగించి, పైన మేజోడు తొడిగాను. కొలతలో కాలు చిన్నదిగా వస్తే ఇంటికి పంపేస్తారని నా తెలివి. డాక్టరు పిలిచే ముందు ఆస్పత్రి బాత్రూంలో విప్పి చూస్తే కాలు అంతే ఉంది, వేళ్లు మాత్రం నేరేడుపళ్లు. గుడ్డ బొడ్లో దోపుకున్నాను.

డాక్టరు వేళ్లు నొక్కి చూసి నవ్వడం మానేశాడు. రక్తనాళాల్లో ఏదో ఉన్నట్టుంది, ఇప్పుడే రాయ్‌పూర్ తీసుకెళ్లండని హిందీలో చెప్పి చీటీ రాయసాగాడు. సరళ బల్ల పట్టుకుని నిలబడింది. చిన్ని మా ముఖాలు చూసి నా కొంగు పట్టుకుంది. నా పరువు పెద్దదా, ఈ పిల్ల పెద్దదా?

గుడ్డ తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన గుడ్డను చూశాడు, నన్ను చూశాడు. “మాతాజీ, కట్టు కాలికి కట్టారా, నోటికి కట్టారా?” అన్నాడు.

కాసేపటికి వేళ్లకు రంగు తిరిగి వచ్చింది. అప్పుడు రెండు కాళ్లూ కొలిచి, ఎక్స్‌రే తీయించాడు. కొందరు పిల్లలకు ఒక కాలిలో ఎముకా కొవ్వూ మితిమీరి పెరుగుతాయట, కట్టుకు లొంగవట. కొన్ని నెలలకోసారి కొలిచి చూస్తారట. మరీ పెరిగితే, ఎముక పెరిగేచోట ఆపే ఆపరేషన్ ఉందట. నా భయం పోలేదు, సగమైంది.

కాబట్టి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఈ చేతులు ఇక పచ్చడి జాడీకి తప్ప దేనికీ గుడ్డ కట్టవు. డాక్టరడిగితే చిన్నప్పుడు దొంగిలించిన మామిడికాయ సంగతైనా దాచను.

మర్నాడు పొద్దున తార్‌బహార్ బజార్లో ఒకేరకం బూట్లు రెండు సైజుల్లో రెండు జతలు కొన్నాను. చిన్ని కుడికాలికి పెద్దది, ఎడమకాలికి చిన్నది వేసుకుని బడికి నడిచింది.