గాజు స్నానాలగది, మంగళగిరి చీర

ప్రాగ్ నగరంలో నదికి దగ్గర్లో, ట్రాములు వంపు తిరిగే వీధిలో ఒక హోటల్ ఉంది. ఆ హోటల్‌వాళ్ళకి నేను రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ ఇంతవరకు జవాబు లేదు. మొదట కాగితం మీద రాశాను. తరవాత ఫ్యాక్స్ పంపాను. ఆ తరవాత ఈమెయిళ్ళు. ఈమధ్య వాళ్ళ వెబ్‌సైటులో మూలగా ఒక చిన్న పెట్టె కనిపిస్తే అందులోనూ రాశాను. మీ సందేశం మాకెంతో విలువైనదని ఆ పెట్టె తక్షణం బదులిచ్చింది. దాన్ని నేను జవాబుగా లెక్కవేయను. ఇంట్లో ఈ సంగతి ఎత్తితే మా ఆవిడ "ఊరుకోండి" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇక్కడే సిడ్నీలో, క్వేకర్స్ హిల్‌లో ఉండే మా తోడల్లుడు మాత్రం, ఎవరింట్లో పుట్టినరోజు జరిగినా బార్బీ, అదే బార్బెక్యూ పొయ్యి, దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, ప్రాగ్ నుంచి ఏమైనా కబురొచ్చిందా?" అని పదిమందిలో అడుగుతాడు. అడిగి, నేను చెప్పేది వినకుండా మొక్కజొన్న కండెలు తిప్పుకుంటాడు. అదీ నాకు గుర్తుంటుంది.

మొన్న శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఫోనులో హోటళ్ళు వెతుకుతోంది. యూనివర్సిటీ సెలవుల్లో స్నేహితురాళ్ళతో యూరప్ వెళ్తుందట. "నాన్నా, దిస్ ఈజ్ యువర్ ఫేమస్ హోటల్, రైట్?" అంటూ ఫోను నా మొహం ముందు పెట్టింది. అదే తెల్లటి మంచం, అదే ఎత్తయిన కిటికీ, గది మధ్యలో అదే గాజు స్నానాలగది. కాని ఇప్పుడు ఆ గాజు చుట్టూ ఒక పరదా వేలాడుతోంది. మామిడిపండు రంగు. కింద రెండు వేళ్ళ వెడల్పున ముదురు ఎరుపు అంచు. నేను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను.

"ఇది మీ అమ్మమ్మ చీర" అన్నాను.

"నాన్నా, ఇట్స్ జస్ట్ ఎ కర్టెన్."

"నేను వాళ్ళని అడిగింది కర్టెనే!" అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి "మళ్ళీ మొదలెట్టారా?" అంది.

మొదలెట్టానంటే, మొదటినుంచీ చెప్పాలి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, వైటూకే అని లోకమంతా భయపడిన రోజులు. అప్పుడు వెస్ట్‌మీడ్‌లో, పెద్దాసుపత్రి వెనక వీధిలో అద్దె ఫ్లాటులో ఉండేవాళ్ళం. నేను ఒక బ్యాంకు వాళ్ళ పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి సరిచేసేవాణ్ణి. అందరూ ఎదురుచూసిన కొత్త సంవత్సరం వచ్చింది, ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడటమే మేము చేసిన పని అని ఒక్కరికీ తట్టలేదు. జనవరిలో ఆఫీసువాళ్ళు పార్కులో బార్బీ పెట్టారు. మా మేనేజరు బీరు సీసాతో నా పక్కకొచ్చి, "ఆల్ దట్ ఫస్ ఫర్ నథింగ్, ఏ మేట్?" అని భుజం తట్టాడు. ఆ మాటకు మర్నాడు రాతపూర్వకంగా సమాధానం ఇచ్చాను. దానికీ తిరుగు జవాబు రాలేదనుకోండి. అది వేరే కథ.

ఇక్కడ జనవరి అంటే ఎండాకాలం. ఆ వేసవిలోనే మా అత్తగారు అమలాపురం నుంచి సిడ్నీ వచ్చారు. ఆవిడ అల్లుడితో ఎదురుపడి మాట్లాడే మనిషి కాదు. పెళ్ళయిన నాటినుంచీ నాతో చెప్పదలుచుకున్నది ఏదైనా, నాకు వినబడేంత గట్టిగా, కూతురికి చెప్పేవారు. "అల్లుడుగారు కాఫీ తాగుతారేమో కనుక్కోవే" అని. అమలాపురంలో అయితే తలుపు వెనక నిలబడి అనేవారు. వెస్ట్‌మీడ్ ఫ్లాటులో హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు, గోడే లేదు. పాపం ఆవిడ రెండురోజులు ఇబ్బంది పడి, మూడోరోజు ఒక ఉపాయం కనిపెట్టారు. ఫ్రిజ్ తలుపు తెరిచి, దాని వెనక నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. "అల్లుడుగారికి ఈ పూట బీరకాయ చెయ్యనా, వంకాయ చెయ్యనా అడగవే." నేను ఆలోచించుకుని చెప్పేలోగా ఫ్రిజ్‌లోంచి చల్లటి పొగ ఆవిడ కాళ్ళ చుట్టూ పాకేది. పాలు విరిగేవి. దీనిమీద మాత్రం నేను ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నా ఓర్పు గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆవిడ తిరుగు ప్రయాణం ఈస్టర్ సెలవుల్లో పడింది. అక్కచెల్లెళ్ళిద్దరూ కలిసి, ఎలాగూ విమానం ఎక్కుతోంది కదా అమ్మకి యూరప్‌లో ఒక ఊరు చూపించి పంపిద్దామని తీర్మానించారు. ఏర్పాట్లు తోడల్లుడు నెత్తిన వేసుకున్నాడు. అతను అప్పుడు ఒక కొత్త ఇంటర్నెట్ కంపెనీలో పనిచేసేవాడు. వాళ్ళ ఆఫీసులో కుర్చీలకు బదులు పెద్ద పెద్ద రబ్బరు బంతులు ఉండేవి, వాటిమీద కూర్చునే పని చేసేవారు. అలాంటి మనిషి ఎంచుకునే హోటల్ ఎలా ఉంటుందో నేను ముందే ఊహించవలసింది. "అంతా ఆన్‌లైన్‌లోనే బుక్ చేసేశానండీ అన్నయ్యగారూ. మామూలు హోటల్ కాదు, డిజైన్ హోటల్!" అన్నాడు. గది ఫొటో ఉందా అని అడిగాను. "బిల్డింగ్ ఫొటో ఉంది, అదిరిపోయింది" అన్నాడు. బిల్డింగ్ బయట మనం పడుకోం కదా అన్నాను. నవ్వేశాడు.

బిల్డింగ్ నిజంగానే బాగుంది. వందల ఏళ్ళనాటిది. గుమ్మం మీద రాతి సింహాలు, లోపల అరిగిపోయిన రాతిమెట్లు. పైకెక్కి గది తలుపు తీస్తే మాత్రం వేరే లోకం. తెల్లటి నేల, తెల్లటి గోడలు, నేలకు జానెడెత్తున తెల్లటి మంచం. గది మధ్యలో నిలువెత్తు గాజుపెట్టె. అందులో పైనుంచి నీళ్ళు పడే గొట్టం, ఒక తొట్టి. అదే స్నానాలగది. మంచం మీద కూర్చుంటే లోపల సబ్బుపెట్టె కూడా కనబడుతుంది. కిటికీకి ఉన్న తెర దోమతెర కన్నా పలచన. కిటికీ అవతల ఏదో ఆఫీసు, అందులో టై కట్టుకున్న మనుషులు. మేం ముగ్గురం, అంటే నేను, మా ఆవిడ, మా అత్తగారు, పెట్టెలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాం.

అత్తగారు మా గదిలో ఎందుకున్నారని మీరడగవచ్చు. ఆడవాళ్ళు ముగ్గురూ ఒక గదిలో, మగవాళ్ళిద్దరం ఒక గదిలో ఉందామని నేనే అన్నాను. తోడల్లుడు ఎటో చూశాడు. అత్తగారు మా ఆవిడ చెవిలో "కొత్త దంపతులే, పాపం. బావుండదు" అన్నారు. వాళ్ళకి పెళ్ళయి ఇంకా ఏడాది కాలేదు. దాంతో అదనపు మంచం మా గదిలో పడింది. వాళ్ళ గదిలోనూ ఇదే గాజుపెట్టె, అది నది వైపు కిటికీకి ఎదురుగా ఉంది. వాళ్ళ దగ్గరనుంచి ఫిర్యాదేమీ రాలేదు.

ఇందులో నవ్వులాటకు చోటు లేని విషయం ఒకటుంది. మా అత్తగారు స్నానం చేయనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టరు. విమానంలో ఇచ్చినవన్నీ వద్దన్నారు. సిడ్నీలో బయల్దేరే ముందు తిన్న పెరుగన్నమే ఆఖరి భోజనం. మొహం వాడిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మా ఆవిడ, "అమ్మా, ఈయన్ని బయటికి పంపిస్తా, నువ్వు కానిచ్చెయ్" అంది. "ఆ కిటికీ అవతలివాళ్ళనీ పంపిస్తావుటే?" అన్నారు ఆవిడ. "పోనీ ఈ పూటకి కాస్త పాలు తాగు, పరవాలేదు." "నీకు పరవాలేదు." అంతే, గోడవైపు తిరిగి కుర్చీలో కూర్చున్నారు. తోడల్లుడు వచ్చి చూసి, "అత్తయ్యగారూ, ఇక్కడ మనల్నెవరూ చూడరండీ, అందరూ ఇంతే" అన్నాడు. ఆవిడ కుర్చీ ఇంకాస్త గోడవైపు జరుపుకున్నారు.

నేను కిందికి దిగాను. కౌంటరులో నల్ల దుస్తుల్లో ఒక అమ్మాయి ఉంది. చాలా అందంగా నవ్వింది. గాజుకి పరదా కావాలన్నాను. "సర్, ద గ్లాస్ ఈజ్ ద కాన్సెప్ట్" అంది. కాన్సెప్టు సరే, మా అత్తగారు నిన్నటినుంచీ ఏమీ తినలేదన్నాను. రెస్టారెంటు తెరిచే ఉందని చెప్పింది. పోనీ రెండు దుప్పట్లు ఇవ్వమన్నాను. మంచం మీద బొంతలాంటిది ఉంది కదా, దుప్పట్లు వాడం అంది. వేరే గది ఇమ్మంటే అన్నీ అలాగే ఉంటాయంది. నేను స్నానం అనేది మా ఇళ్ళలో ఏమిటో వివరించడం మొదలుపెట్టాను. సగంలో, పొడుగుకోటు వేసుకున్న ఒకాయన లోపలికి వచ్చాడు. ఆ అమ్మాయి నా మాట నడుస్తుండగానే నా భుజం మీదుగా ఆయనకు నమస్కారం పెట్టి, ఆయన పెట్టెల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. నా వాక్యం ఇంకా పూర్తి కాలేదు. ఆయన పైకి వెళ్ళాక మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆ అమ్మాయి మేనేజరుని పిలిచింది, ఆయన వచ్చాక ఆయనకీ చెప్పాను. ఇద్దరూ కలిసి నవ్వారు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఒక కుర్చీ చూపించి, కాఫీ తెప్పించమంటారా అన్నారు. అత్తగారు తాగని కాఫీ నేనెలా తాగను? వద్దని చెప్పి మెట్లెక్కాను. మా ఆవిడ మెట్ల మలుపులో నిలబడి ఉంది. కింద జరిగిందంతా విన్నట్టుంది. ఎప్పటిలా "ఊరుకోండి" అనలేదు. గబగబా లోపలికి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది.

నేను నడవాలో పచార్లు చేస్తూ మేనేజరుకి రాయవలసిన ఉత్తరం మనసులో కూర్చుకుంటున్నాను. లోపల నీళ్ళ చప్పుడు. నమ్మలేకపోయాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. తెరిచింది మా ఆవిడ కాదు. తడిజుట్టు ముడి వేసుకుని, నుదుట బొట్టుతో మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా, నా ఎదురుగా నిలబడి, "అల్లుడుగారూ, లోపలికి రండి. కాఫీ తాగుదురుగాని" అన్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాట అది. మధ్యలో కూతురు లేదు, తలుపు లేదు, ఫ్రిజ్ లేదు.

లోపల గాజుపెట్టె మాయమైంది. దాని స్థానంలో మామిడిపండు రంగు గుడారం ఒకటి వెలిసింది. ఆవిడ మంగళగిరి చీర పెట్టె చుట్టూ తిరిగి, లంగా బొందులతో పై అంచుకు బిగించి ఉంది. ఎర్రటి పైటచెంగు తలుపుదగ్గర వేలాడుతోంది. ఎదుటి ఆఫీసులో ఒకాయన పని మానేసి ఇటే చూస్తున్నాడు. ఇంత సులువైన ఉపాయం ఉంటే పొద్దున్నే ఎందుకు చేయలేదని మా ఆవిడ తల్లిని దెబ్బలాడుతోంది. "ఒకరి ఇంటికొచ్చి, అడక్కుండా మన గుడ్డలు కట్టేస్తామా? అల్లుడుగారు మర్యాదగా అడిగారు. వాళ్ళు లేదన్నారు. ఇప్పుడు కట్టుకుంటే తప్పు మనది కాదు" అన్నారు ఆవిడ. తరవాత నావైపు తిరిగి, "మీరు అలాగే అడుగుతూ ఉండండి. అడిగేవాళ్ళు ఒకరుండాలి ఇంట్లో" అన్నారు.

నా జీవితంలో నా ఫిర్యాదుల్ని మెచ్చుకున్న మనిషి ఆవిడ ఒక్కరే. ఆ కాఫీ ఆవిడ సిడ్నీనుంచి తెచ్చిన పొడితో, గదిలోని చిన్న కెటిల్‌లో కాచిన నీళ్ళతో కలిపారు. పాలు సరిపోలేదు. అంత మంచి కాఫీ మళ్ళీ తాగలేదు.

ఆ తరవాతి రోజులు హాయిగా గడిచాయి. రాతివంతెన మీద విగ్రహాలు చూశాం. గులకరాళ్ళ వీధుల్లో ఆవిడ మోకాళ్ళు నొప్పెడితే ట్రాములో ఊరంతా తిరిగాం. ఆవిడ నాతో మాట్లాడుతూనే ఉన్నారు, ఇన్నాళ్ళూ కూడబెట్టినవన్నీ ఒక్కసారిగా. చిన్నప్పుడు గోదావరి పడవలో వచ్చిన వాన గురించి, మా మామగారి కోపం గురించి. బయల్దేరేరోజు నేను చీర విప్పబోతే ఆపారు. "ఉండనివ్వండి. తరవాత వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. ఎలాగూ చిరిగిందే." నిజమే. వెస్ట్‌మీడ్‌లో బాల్కనీ రెయిలింగుకి పట్టుకుని ఒక మూల చిరిగింది. రంగు దారం దొరక్క, మా ఆవిడ దగ్గరున్న నల్లదారంతో ఆవిడే కుట్టుకున్నారు.

సిడ్నీ చేరగానే హోటల్‌కి రాశాను. గదులకు పరదాలు పెట్టించండి, మా అత్తగారి చీర ఏమైందో చెప్పండి అని. ఆ తరవాత ప్రతి ఆదివారం అమలాపురానికి ఫోను చేసినప్పుడు, ఆవిడ కూతురితో రెండు మాటలు మాట్లాడి, "అల్లుడుగారికివ్వు" అనేవారు. "రాశారా వాళ్ళు?" "లేదండీ, ఈ వారం ఇంకొకటి పంపాను." "పంపండి, పంపండి." అక్కణ్ణించి మాటలు ఎటెటో వెళ్ళేవి. మా అమ్మాయి పుట్టింది, మేం ఇల్లు మారాం, ఫోను కార్డులు పోయి వీడియో కాల్సు వచ్చాయి. ఆ మొదటి ప్రశ్న మాత్రం మారలేదు. ఆఖరిసారి ఆసుపత్రి మంచం మీదనుంచి మాట్లాడినప్పుడు కూడా అదే అడిగారు. "రాస్తారండీ" అన్నాను. అది నేను ఆవిడకిచ్చిన మాట. ఇంకా నెరవేరలేదు.

మా అమ్మాయి జాలిపడి, "ఐ విల్ గో అండ్ చెక్ ఫర్ యూ, నాన్నా" అంది. వద్దన్నాను. అత్తగారు అడగమన్నది వాళ్ళని. చెప్పవలసింది వాళ్ళు.

కాబట్టి అయ్యా, ఆ హోటల్ మేనేజరు కుర్చీలో ఈరోజు ఎవరు కూర్చుని ఉన్నా సరే, క్షమాపణ నాకు అక్కర్లేదు. మా అమ్మాయి ఫోనులో ఫొటో ఎంత పెద్దది చేసినా మూలలు స్పష్టంగా కనబడటం లేదు. మీరు లేచి, ఆ గదిలోకి వెళ్ళి, పరదా కింది మూలలు తిప్పి చూడండి. నల్లదారం కుట్టు ఉంటే ఉందనండి. లేకపోతే లేదనండి. ఆవిడ ఆదివారాలు అయిపోయాయి. నావి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. అవి అయిపోయేలోగా జవాబు రాయండి.