చీర పేలికతో కట్టిన పూలు

నన్ను మంచిదాన్ననే మనిషి ఎదురైతే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఇది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. కోపమని అనుకునేదాన్ని. కోపం కాదు, బరువు. ఏ బియ్యం మూటో అయితే ఎక్కడో ఒకచోట దించి నడుం పట్టుకునేదాన్ని. ఇది దిగదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. నా పేరు మాత్రం అడగకండి. కుప్పం పక్క పల్లెలో గులాబీలు పండించే ఆడదాన్ని, అంతవరకు చాలు.

మదనపల్లెలో పెళ్లి మంటపాలకు పూల అలంకారం చేసే ఖాదర్ అనే అతను ఉన్నాడు. అతని కుడిచేతికి మూడు వేళ్లు లేవు. మా వైపు ఎవరినడిగినా చెబుతారు, గుంపు చేతిలో చావాల్సినవాణ్ణి నేను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయి బతికించానని. నిజమే. తీసుకుపోయింది నేనే. ఆ వేళ్లు పోగొట్టిందీ నేనే.

అమ్మయ్య. రాసేశాను.

మాది పాలీహౌస్ తోట, ప్లాస్టిక్ గుడారం కింద గులాబీలు. నాదీ, నా తోడికోడలు రాజమ్మదీ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఒక కాలిబాట. ఖాదర్ ఏళ్ల తరబడి నా పూలే కొన్నాడు. వ్యాను తోలుకుని తనే వచ్చేవాడు. మొగ్గను నడిమి మూడు వేళ్లతో మెల్లగా నొక్కి, "ఇది రేపు ఇచ్చుకుంటాదక్కా, ఇది ఎల్లుండి" అనేవాడు. అవే మూడు వేళ్లు. ఏం చేయను, గుర్తొస్తాయి.

అప్పుడు ఆ డ్యూటీ ఎత్తేశారు. బయటి దేశాలవాళ్లు తమ పూలను మన మార్కెట్లో అయినకాడికి కుమ్మరించి మమ్మల్ని ముంచకుండా సర్కారు వాటి మీద అదనపు సుంకం వేసి ఉండేది. యాంటీ డంపింగ్ అని దాని పేరు. మాకు నోరు తిరిగేది కాదు, డ్యూటీ అనేవాళ్లం. అది తీసేశారని టీవీలో విన్నప్పుడు మా ఆయన అన్నం కలుపుతూ, "మనకేమవుతాదిలే" అన్నాడు. ఏమవుతుందో బెంగళూరు మార్కెట్టే చెప్పింది. అక్కడి షావుకార్లు మా గులాబీల వైపు కన్నెత్తి చూడలేదు. బయటి గులాబీ కాడ పొడుగు, మొగ్గ పెద్దది, ధర మాకన్నా తక్కువ. కోసిన పూలను తెచ్చి ఆవుల ముందు పోశాను. ముళ్లకు భయపడి అవి కూడా మూతి తిప్పుకున్నాయి.

ఖాదర్ కూడా రావడం మానేశాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వీడు కూడా బయటి పూలు మరిగాడనుకున్నాను. ఆ మధ్యాహ్నం కొడవలి తీసుకుపోయి నా పాలీహౌస్ గోడను నేనే నిలువునా చీల్చాను. ప్లాస్టిక్ చినిగే చప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మొక్కలు నరుకుతూ ఉంటే మా ఆయన వెనకనుంచి పట్టుకున్నాడు. అతని మోచేతిని కొరికాను. నా కోపం అట్లాంటిది. చిన్నప్పటినుంచీ అంతే. పుట్టుకతో వచ్చింది పుడకలతో గాని పోదంటారు కదా.

పుంగనూరులో పూల రైతులందరూ మీటింగ్ పెట్టుకున్నారు. నోరున్నదాన్నని నన్ను ముందుకు తోశారు. "అడుక్కుంటే ఎవుడూ ఇనడు. అడ్డం పడితే ఇంటారు. ఒక బండి తగలబడితే గాని మన కడుపుమంట వాళ్లకి కనబడదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఎంత చెడ్డవో అప్పుడు తెలియలేదు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. బయటి పూలు గట్టి అట్టపెట్టెల్లో వస్తాయి, పైన మనకు రాని భాషలో పెద్ద పెద్ద అక్షరాలు ఉంటాయి. పూలు తీసేశాక ఆ పాత పెట్టెలను బెంగళూరు మార్కెట్లో చౌకగా అమ్ముతారు. మేమందరం వాటినే తెచ్చుకుని మా పూలు పెట్టి పంపేవాళ్లం. నా కొట్టంలో అటక దాకా అవే ఉండేవి. కాబట్టి పెట్టె మీది రాత చూసి లోపలి పూలు ఎక్కడివో చెప్పడం ఎవరి వల్లా కాదు. తర్వాత రోడ్డుకు అడ్డం పడ్డ గుంపులోని టమోటా రైతులకూ, తమాషా చూడ్డానికి వచ్చినవాళ్లకూ ఈ సంగతి తెలియదు. తెలిసిన పూలవాళ్లు కూడా ఆ పొద్దు మరిచిపోయారు. కోపంలో మనిషి తన ఇంటి చెంబును కూడా గుర్తుపట్టడు. నేను మాత్రం మరిచిపోలేదు. ఆ సాకు నాకు లేదు.

పుంగనూరు దాటాక మదనపల్లె రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి కూర్చున్నాం. ఎండ ఎక్కుతూ ఉంది. ఖాదర్ వ్యాను వచ్చింది. ఒక్కడే తోలుతున్నాడు. ఆగీ ఆగకముందే అద్దం మీద రాయి పడింది. కాలర్ పట్టుకుని కిందికి లాగారు. వెనక తలుపు తెరిస్తే నిండా పెట్టెలు, వాటి మీద ఆ పరాయి రాత. "దొరికినాడ్రా నా కొడుకు" అని ఎవరో అరిచారు. మొక్కలకు ఊతంగా కట్టే వెదురు కర్రలు అప్పటికే చేతుల్లో ఉన్నాయి. మొదటి దెబ్బ వీపు మీద పడింది, రెండోది చెవి మీద. అతను ఏడవలేదు. జనంలో నా కోసం వెతికాడు. నన్ను చూడగానే ఆ ముఖం ఎంత తేరుకుందని. ఇంత నమ్మకం నా మీద ఎందుకు పెట్టుకున్నాడో ఆ పిచ్చోడు!

నేను వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. అక్క చూస్తుందిలే అని గుంపు కాస్త వెనక్కి తగ్గింది.

"అక్కా, నువ్వైనా సెప్పక్కా వీళ్లకి. అల్లా మీద ఒట్టు, ఇవి ఫారిన్ పూలు కాదు. మన పక్కవే. డబ్బాలే ఆడివి."

"యాడివి పూలు?"

గొంతు తగ్గించాడు. "రాజమ్మక్క తోటవి. నిన్ను మోసం సేయాలని కాదక్కా. పెళ్లోళ్లు రేటు పిండుతాండారు. ఆయమ్మ తక్కువకిస్తానన్నింది. నీకేం మొగం సూపించేదని ఫోన్ ఎత్తలే."

"తెరువు, సూస్తా."

పెట్టె మూత లేపాడు. ఎర్ర గులాబీల కట్ట. రబ్బరు బ్యాండు వేస్తే కాడ నలుగుతుందని రాజమ్మ పాత చీరలు చించి, ఆ పేలికలతో కట్టలు కడుతుంది. కుప్పం చుట్టుపక్కల అట్లా కట్టేది ఆమె ఒక్కతే. నేను ఎగతాళి చేసేదాన్ని. ఆ కట్టకున్న పేలిక ఆకుపచ్చ రంగుది. ఎప్పుడో గంగజాతరకు నేను ఆమెకు పెట్టిన చీర అది.

బయటి పూలే అయి ఉంటే నాకు అంత మంట పుట్టేది కాదేమో. సముద్రం అవతలివాడు నా కడుపు కొట్టాడంటే ఒక విధం. కాలిబాట అవతల ఉన్నది, నా చీర కట్టుకున్నది, నాతో మాట మాత్రమైనా చెప్పకుండా ధర తగ్గించి నా బేరం లాక్కుంది. ఆమెకు మాత్రం ఏం గతి ఉంది? నాకు లేని గతి ఆమెకు ఎక్కడినుంచి వస్తుంది? ఇదంతా ఇప్పుడు ఆలోచిస్తున్నాను. అప్పుడు నా కంటికి కనిపించింది ఆ ఆకుపచ్చ పేలిక ఒక్కటే.

"ఏమక్కా, యాడివంట?" అని వెనకనుంచి అరిచారు.

"బయటివే" అన్నాను.

ఒక్క మాట. "అట్లనొద్దక్కా" అంటూ ఖాదర్ కట్ట బయటికి తీసి చూపించడానికి తలుపు చట్రాన్ని కుడిచేత్తో పట్టుకుని పైకి ఎక్కబోయాడు. అప్పుడే ఎవడో వెనకనుంచి మెడ మీద కొట్టాడు. అతని తల అటు తిరిగింది. నేను ఇనప తలుపును రెండు చేతులా పట్టుకుని బలమంతా పెట్టి వేశాను.

అతని వేళ్లు అక్కడున్నట్టు చూశానా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. చూడలేదని కొన్నాళ్లు నమ్మాను. తోపులాటలో తలుపు దానంతటదే పడిందని కూడా నమ్మబోయాను. అబద్ధం. చూశాను. చూసే వేశాను. చెరుకు విరిగినట్టు చప్పుడైంది. అతను అరిచిన అరుపుకు రోడ్డు పక్క కాకులన్నీ లేచిపోయాయి. నాకు ఏమనిపించిందో కూడా చెప్పాలి కదా. హాయిగా అనిపించింది. ప్లాస్టిక్ చీల్చినప్పటిలాగే.

గుంపు మీద పడింది. కర్రలు, రాళ్లు, చెప్పులు. చేయి తలుపులో ఇరుక్కుని ఉంటే కదల్లేని మనిషిని కొట్టారు. పెట్టెలు లాగి రోడ్డు మీద తొక్కారు. ముందు సీటు మీద పెట్రోలు పోశారు. ఆ వాసన తగలగానే నాకు తెలివి వచ్చింది. తలుపు లాగాను. అతని చేయి కిందికి జారింది. "ఒదలండ్రా, సచ్చిపోతాడు!" అని అరుస్తూ అతని మీద పడ్డాను. నా వీపు మీద కూడా ఒక కర్ర విరిగింది. అందరూ చూసింది అదే. తలుపు వేయడం ఎవరూ చూడలేదు, అడ్డంగా నేనే ఉన్నాను కదా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.

ఆటోలో అతని చేతికి నా కొంగు చుట్టాను. వెనక వ్యాను కాలుతున్న పొగ చాలాదూరం కనిపించింది. "నువ్వు లేకుంటే సచ్చిపోయినోణ్ణక్కా" అన్నాడు ఖాదర్. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. "మాట్లాడద్దు, గమ్మునుండు" అన్నాను.

పోలీసులకు తలుపు ఎవరు వేశారో చూడలేదని చెప్పాడు. అది అతను నన్ను కాపాడడం కాదు, నిజంగానే చూడలేదు. పూలు రాజమ్మవని తర్వాత అందరికీ తెలిసింది. అక్క పెట్టె మీది రాత చూసి పొరబడింది పాపం అన్నారు. తన మాట నేను నమ్మలేకపోయాననే ఖాదర్ కూడా అనుకున్నాడు. సరేనన్నాను. మీటింగులో నాకు దండ వేశారు. గులాబీల దండే. రాజమ్మ పూలు మానేసి టమోటా వేసుకుంది. "నా పూలు ఏసుకొని పోతా ఉన్నింది కదక్కా. నేను తక్కువకి ఇయ్యకపోతే ఆ మనిషికి ఈ గతి పట్టునా?" అని నా ముందు ఏడ్చింది. ఏడవనిచ్చాను. ఆమె వీపు నిమిరాను కూడా. ఈ చేయి ఎన్ని పనులు చేసిందో చూడండి.

డ్యూటీ మళ్లీ రాలేదు. బయటి పూలు ఇప్పటికీ వస్తున్నాయి, ఆ పెట్టెలను ఇప్పటికీ కొంటున్నాము.

ఖాదర్ బొటనవేలు, చిటికెనవేలు, పళ్లు వాడి దండలు కట్టడం నేర్చుకున్నాడు. మళ్లీ నా దగ్గరే పూలు కొంటున్నాడు. ప్రతి రంజాన్‌కు క్యారియర్ నిండా బిరియానీ, షీర్ ఖుర్మా పంపుతాడు. ప్రాణం పోసిన అక్కకంట. ప్రతి ఏడాదీ తిన్నాను. ఒకసారి మా ఆయన చుట్టాల ముందు నా గొప్ప చెప్పడం మొదలుపెడితే పప్పు గిన్నె ఎత్తి గోడకు కొట్టాను. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. సిగ్గరి అనుకున్నారు!

ఈ రంజాన్‌కు తనే వచ్చాడు. క్యారియర్ బల్ల మీద పెట్టి, "తినేసి సెప్పక్కా, ఈసారి మా ఆడోళ్లు ఉప్పు ఎక్కువేసినట్టుండారు" అని నవ్వాడు. ఆ నవ్వు ఇక భరించలేకపోయాను. ఎన్నాళ్లని భరిస్తాను?

"ఖాదరూ, ఆ తలుపేసింది నేనే" అన్నాను. "పేలిక సూసినా. రాజమ్మ పూలని తెలుసు. తెలిసే బయటివన్నా. నీ సెయ్యి ఆడుండేది సూసే ఏసినా."

అతను నా ముఖం చూశాడు. తర్వాత తన చేయి చూసుకున్నాడు. కొట్టమని మనసులోనే మొక్కుకున్నాను. కొట్టి ఉంటే లెక్క తీరిందనుకునేదాన్నేమో. కొట్టలేదు. తిట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు. బల్ల దగ్గరికి వచ్చి, మిగిలిన ఆ రెండు వేళ్లకు క్యారియర్ తగిలించుకుని వెళ్లిపోయాడు. నేను లేచి గేటు తీయబోతే ఎడమచేత్తో వద్దన్నాడు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోలేదు. అతని వేళ్లు రాలేదు, నా చేయి మారలేదు. రాజమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పాలి. మీకు చెప్పడం అయింది, ఆమెకు చెప్పడం ఇంకా కష్టం.

ఆ పూట మా ఇంట్లో సంగటి, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి. "ఖాదర్ క్యారియర్ యాల తిరిగి ఎత్తుకొని పోయినాడు?" అని మా ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఎన్ని ఏళ్ల తర్వాతో నాకు ఆకలి వేసింది. ముద్ద మీద ముద్ద పెట్టించుకుని తిన్నాను, సిగ్గులేనిదాన్ని.