నాట్ల వరస

రాజోలులో మా చర్చి కచేరీకి రామచంద్రపురం నుంచి ఒక సంగీతం మాస్టారు వాద్యబృందాన్ని తీసుకొచ్చారు. వయొలిన్లు, క్లారినెట్లు, కీబోర్డు, తబలా, పెళ్లి బ్యాండు వాళ్లనడిగి తెచ్చిన పెద్ద డ్రమ్ము. ప్రతి పాటకీ ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు మైకులో చదవాలన్నారు. రాసే పని నాకు అంటగట్టారు. తెలుగు టీచర్ని కదా, ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నా దగ్గరికే వస్తాయి.

మిగతావన్నీ తేలిగ్గానే రాసేశాను. చిక్కల్లా చివరి కీర్తనతోనే. దాని వరస మిషనరీ దొరలు ఓడలో తెచ్చారని మా చర్చిలో అందరి నమ్మకం. నిజానికి అది మా అమ్మమ్మ వాళ్లు వరినాట్లప్పుడు పాడుకున్న పాట వరస. మాటలు మార్చి చర్చిలోకి తెచ్చుకున్నారంతే. ఈ సంగతి నాకు చెప్పింది అమ్మే. చదువుకునే రోజుల్లో సెలవులకి ఆవిడ కూడా అమ్మమ్మ పక్కన నాట్లు వేసింది. తీరా నేను రాస్తానంటే ఆవిడే అడ్డుపడింది.

"మైకులో చెప్పకు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యేను. నా దగ్గర చదువుకున్నవాళ్లంతా ముందు కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లెదురుగా నన్ను మళ్లీ చేలో నిలబెడతావా?"

నాకు ఒళ్లు మండింది. కూలి చేసి తనని చదివించిన తల్లిని దాచుకోవడమేమిటి? కానీ ఆ జ్ఞాపకం ఆవిడది, నాది కాదు. "పాతకాలపు వరస" అని రాసి ఊరుకున్నాను.

రిహార్సల్‌కి అమ్మ కూడా వచ్చింది. చివరి కీర్తన మొదలుపెట్టారు. ఎవరో పోయినట్టు సాగదీసి, సాగదీసి వాయిస్తున్నారు. అమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. రెండో చరణానికి లేచి నిలబడింది.

"మాస్టారూ, అంత నిదానం కాదండీ."

"భక్తి పాట కదండీ మేడమ్‌గారూ?"

అమ్మ నాకేసి చూసింది. తర్వాత కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. నడుం వంచి, ఎడమ చేతిలో నారుకట్ట ఉన్నట్టే పట్టుకుని, కుడి చేత్తో చర్చి నేల మీద నాటుతూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ పాడింది. కీర్తన కాదు, పాత మాటలే. తబలా ఆయన ఆవిడ చేతినే చూస్తూ అందుకున్నాడు. వీపు గోడకి తగిలేదాకా అమ్మ ఆగలేదు.

"చెయ్యి ఇలా ఆడాలండీ. దీనికి తగ్గట్టు వాయించండి."

"ఆయ్, అలాగేనండీ," అన్నారు మాస్టారు.

వచ్చి నా పక్కన కూర్చుంది. ఆయాసం. నడుం పట్టేసినట్టుంది, చేత్తో నొక్కుకుంటోంది. నా ఒళ్లో ఉన్న కాగితం తీసుకుని చదివింది.

"పాతకాలపు వరసేమిటే? మా అమ్మదని రాయి."