ఎరువు వేయని పసుపు

ఈ ఏడాదిలో మూడోసారి సెప్టిక్ ట్యాంకు నిండితే పొద్దున ఖాళీ చేసే బండిని పిలిపించాం. వచ్చిన డ్రైవర్ యాదగిరన్న మూత కూడా తీయకుండా, ట్యాంకు పక్కన మా బాపు వేసిన పసుపు సాలు దగ్గర ఆగిపోయాడు. మా పొలంలో మోకాలు దాటని పసుపు ఇక్కడ నడుమెత్తు పెరిగింది. బాపు మురిసిపోయాడు.

"ఏం ఎరువేసినవన్నా గీనికి?"

"ఏం ఎయ్యలే. మట్టి మంచిది."

"మట్టి గాదు. నీ ట్యాంకి గోడ పగిలింది. వాన నీళ్లు లోపలికొస్తున్నయ్, లోపలియి పసుపుకు పోతున్నయ్. ఖాళీ చేస్తే ఏం ఫాయిదా లేదు, కొత్తది కట్టాలె. బోరు యాడున్నది?"

బాపు చూపించాడు. పది అడుగులు కూడా లేదు.

రెండు నెలలుగా మా పాపకు కడుపునొప్పి. బడి దగ్గర ఐస్ తింటోందని దాన్ని రెండుసార్లు కొట్టాను.

ఆకు రంగు చూసి పసుపుకు ఏం తక్కువైందో చెప్పే మనిషి మా బాపు. వెళ్లి బోరు మోటారు ఫ్యూజు పీకేశాడు.

మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయని ఇంటికొచ్చిన అందరికీ గ్లాసు నింపి మరీ ఇచ్చాను. మీలో ఎవరెవరు తాగారు? ఒంట్లో ఎలా ఉందో చెప్పండి.