మూడో సిలిండరు జబ్బు

సీట్లక్క కారులో లేనిది ఒక్క ఇంజనే. మిగతావన్నీ ఉన్నాయి. మంచమంత బానెట్టు, వెనక చక్రాల మీద కండలు తిరిగిన భుజాల్లా ఉబ్బిన రేకు, కళ్లు చెదిరే ఎర్ర రంగు, లోపల తన చేత్తో కుట్టుకున్న నల్ల తోలు సీట్లు. పాత కార్ల సామాను అమ్మే ఆసామి ఇంట్లో సోఫాలన్నింటికీ కొత్త గుడ్డ కుట్టిపెట్టినందుకు బదులుగా ఆ డొల్ల ఆమెకు దక్కింది. ఇంజనుని అంతకుముందే ఎవరో ఊడదీసి పట్టుకుపోయారు.

పెళ్లికి ముందు నుంచీ ఆమె పని కార్ల సీట్లు కుట్టడమే. అసలు పేరు రేషను కార్డులో ఉండిపోయింది, అందరికీ సీట్లక్కే. వేరేవాళ్ల కార్లలో తల దూర్చి, మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో చిన్న మేకులు కరుచుకుని సగం జీవితం గడిపింది. కుట్టిన సీటు మీద ఒకసారి కూర్చునేది, అదీ గట్టిదనం చూడ్డానికే. బండి కదిలేవేళకి ఆమె ఎప్పుడూ బయటే ఉండేది.

"కండల కారంటావు. కండలు సరే, గుండె ఏదే?" అనేవాడు భర్త. ఆయన పోస్టాఫీసులో ముద్రలు కొట్టే ఉద్యోగి.

"గుండె లేకుండా మీరు ఉద్యోగం చెయ్యట్లేదూ? అలాగే ఇదీనూ."

ఫోనులో మజిల్ కార్లని, ఇలాంటి కండల బండ్లవాళ్ల గుంపు ఒకటుంది. పొద్దున లేస్తే ఫోటోలే ఫోటోలు. వానలో తడిసిన బండి, కడిగి ఆరబెట్టిన బండి, ఒట్టి చక్రం, షాపు అద్దంలో బండి నీడ. అందులో పెళ్లాం ఫోటో అడిగితే వెతుక్కునేవాళ్లూ, బండి ఫోటో అడిగితే కళ్లు మూసుకుని తీసిచ్చేవాళ్లూ ఉన్నారు. గుంపు పేరు కిందే ఒక నియమం రాసి ఉంటుంది: నడవని బండికి ఇక్కడ చోటు లేదు. సీట్లక్క ఆ వాక్యం చదివి, చదవనట్టే లోపలికి వచ్చేసింది.

వచ్చాక బయటికి పోబుద్ధి కాలేదు. "అక్కా, నా నీలం బండికి ఏ రంగు దారం పడుతుంది?" అని ఒకడు. "అక్కా, మీ బండి పక్కన మాది ఎడ్లబండిలా ఉంది" అని ఇంకొకడు. బయట ఆమె సీట్లు కుట్టే మనిషి. గుంపులో బండి ఉన్న మనిషి. ఆ తేడా ఎంతటిదో భర్తకి చెప్పినా అర్థం కాదని చెప్పడం మానేసింది.

ఒక బండి ఎప్పుడూ ఒకే గోడ ముందు ఉంటే జనానికి అనుమానం రాదూ? అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే భర్తా, పక్కింటి పిండిమరాయనా కలిసి కారుని తోసేవాళ్లు. ఒక వారం స్కూలు గేటు ముందుకి, ఒక వారం నీళ్ల ట్యాంకు కిందికి. సీట్లక్క స్టీరింగు పట్టుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది. ఫోటో తీసేటప్పుడు తోసినవాళ్లు కారు వెనక దాక్కోవాలి.

"చెల్లెమ్మా, లోకంలో అందరూ కారు ఎక్కుతారు. మాకేమిటమ్మా ఈ గొంతుకూర్చోడం?" అనేవాడు పిండిమరాయన.

ఒకసారి చక్రాల సందులోంచి ఆయన చెప్పులు ఫోటోలో పడ్డాయి. "అక్కా, బండికి కాళ్లొచ్చాయేంటి?" అని గుంపులో అడిగితే, ఆయిలు కారుతోందేమో చూస్తున్నాం అని సర్దిచెప్పింది.

చెప్పుల గండం గడిచింది గానీ, శబ్దం గండం వచ్చిపడింది. బొమ్మలు చాలు, అందరూ ఇంజను చప్పుడు పెట్టండి అని గుంపులో ఎవడికో బుద్ధి పుట్టింది. సీట్లక్క రెండు రోజులు గుంపు తెరవలేదు. మూడోనాడు పిండిమర గోడకి ఫోను ఆనించి, మర తిరుగుతుండగా రికార్డు చేసి పెట్టేసింది.

గుంపు ఊగిపోయింది. "ఎనిమిది సిలిండర్లూ వినిపిస్తున్నాయి!" అన్నారు. "ఒళ్లు జలదరించింది" అన్నారు. అయితే స్టెతస్కోపు అని గుంపులో పిలిచే ఒకాయన మాత్రం ఆ చప్పుడుని మళ్లీ మళ్లీ విన్నాడు. ఆయనే గుంపుకి పెద్ద. కళ్లద్దాల షాపు నడుపుతాడు గానీ, చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పేస్తాడని ఆ పేరు పెట్టారు. సాయంత్రానికి ఆయన ఏకంగా ఒక వ్యాసమే రాశాడు. టక్, టక్ అని మధ్యలో ఒక దెబ్బ పడుతోందనీ, అది మూడో సిలిండరు జబ్బనీ, అశ్రద్ధ చేస్తే ప్రాణం మీదికొస్తుందనీ తేల్చాడు. చదివినవాళ్లంతా దండాలు పెట్టారు.

సీట్లక్క నవ్వు ఆపుకోలేక దిండులో ముఖం దాచుకుంది. ఆ నవ్వు ఆదివారం దాకే నిలిచింది.

"అక్కా, మీ ఫోటోల్లో వెనక పిండిమర బోర్డు కనబడింది, వెతుక్కుంటూ వచ్చేశాను. వీధి మొదట్లో ఉన్నా. మూడో సిలిండరు నేనే చూస్తాను" అని స్టెతస్కోపు నుంచి సందేశం.

ఆయన బండి కంటే ముందు దాని ఉరుము వచ్చింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. స్టెతస్కోపు దిగి, పనిముట్ల పెట్టె కింద పెట్టి, ఎర్ర కారు చుట్టూ భక్తిగా తిరిగాడు. సీట్లక్క ఇంక దాచి లాభం లేదనుకుని తనే బానెట్టు ఎత్తింది.

లోపల స్పాంజి ముక్కలు, దారపు ఉండలు, భర్త గొడుగు.

"ఇంజను సర్వీసుకిచ్చారా?" అన్నాడాయన.

"లేదండీ."

"మరి?"

"అసలే లేదండీ."

"మరి ఆ చప్పుడు..."

సరిగ్గా అప్పుడే ఈ గొడవేదీ తెలియని పిండిమరాయన గోడకవతల స్విచ్చి వేశాడు. మర లేచింది. స్టెతస్కోపు చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన ఆ చప్పుడు వెంట నడుచుకుంటూ పిండిమరలోకి పోయాడు. వెనకాలే సీట్లక్క, ఆమె వెనక భర్త.

"రండి సార్, గోధుమలా, బియ్యమా?"

"టక్... టక్... అదిగో, మూడో సిలిండరు!"

"నా మోటారుకి సిలిండరే లేదు సార్" అన్నాడు పిండిమరాయన. "అది బెల్టు అతుకు."

స్టెతస్కోపు పిండి బస్తా మీద కూలబడ్డాడు. నల్ల ప్యాంటు తెల్లబడింది.

"నన్ను గుంపులోంచి తీసేస్తారా?" అంది సీట్లక్క.

"ఎలా తీస్తానమ్మా! తీస్తే ఎందుకు తీశానో చెప్పాలిగా. ఆ వ్యాసాన్ని మా బావమరిది ఇంకో మూడు గుంపుల్లో పెట్టాడు."

సీట్లక్క ఆయన్ని కొత్తగా చూసింది. ఇంతసేపూ తన పరువొక్కటే గాలిలో ఉందనుకుంది.

ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, గొంతు తగ్గించాడు. "నేనొచ్చి బాగు చేశానని రాస్తాను. మీరు కొత్త చప్పుడు పెట్టండి. ఆ టకటక ఉండకూడదు. అసలీ బెల్టుని ఏ మహానుభావుడు అతికించాడో గానీ, గోనెసంచి మూతి కుట్టినట్టుంది."

పిండిమరాయన పైకప్పు వైపు చూశాడు. భర్త దగ్గాడు.

"నేనే కుట్టాను" అంది సీట్లక్క. ముఖం కందగడ్డలా అయింది. "ఇంజను లేదంటే పడతాను. గుంపులోంచి పొమ్మంటే పోతాను. నా కుట్టుని మాత్రం ఏమీ అనకండి."

"బలంగానే ఉందమ్మా. లావుగా ఉందంటున్నా. కొస మీద కొస వేసి కుట్టారు, చక్రం మీదికొచ్చినప్పుడల్లా ఎగిరిపడుతోంది."

మర ఆపించి ఆమె అతుకు తడిమి చూసింది. నిజమే. ఆ నిజం ఆమెకి బొత్తిగా నచ్చలేదు. "సీటు తిరగదండీ. ఇది తిరుగుతుంది. నాకేం తెలుసు?" అని గొణుగుతూ ఇంట్లోకెళ్లి కత్తీ, సూదీ తెచ్చింది. రెండు కొసల్నీ ఏటవాలుగా, కాగితమంత పల్చగా చెక్కింది. ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టింది. స్టెతస్కోపు బెల్టు పట్టుకోవలసి వచ్చింది.

"గట్టిగా పట్టుకోండి. వ్యాసం రాసినంత తేలిక కాదు."

మర వెన్నలా తిరిగింది. పిండిమరాయన మురిసిపోయాడు. చప్పుడు గుంపులోకి వెళ్లింది. దాని కింద స్టెతస్కోపు రాశాడు: మూడో సిలిండరు కోలుకుంది, ఎలా అని అడగవద్దు.

ఆయన ఇల్లు చేరేలోపే జవాబులు మొదలయ్యాయి.

"అక్కా, బండి ఫ్రిజ్జులా మూలుగుతోందేంటి?"

"ఆ టకటకలోనే ఉంది సార్ అందమంతా."

"పులిని పట్టుకెళ్లి పిల్లిని చేశారు."

"దయచేసి మళ్లీ పాడుచెయ్యండి."

సీట్లక్క ఒక్కొక్కటీ భర్తకి చదివి వినిపించింది. కొన్ని రెండేసిసార్లు. ఫోను మోగింది, స్టెతస్కోపు.

"అక్కా, జనం నన్ను పీక్కుతింటున్నారు. ఏం చేద్దాం?"

"నన్నడిగితే ఏం చెప్తానండీ? గోనెసంచి కుట్లు కుట్టేదాన్ని."

ఆయన ఫోను పెట్టేశాడు. తర్వాత గుంపులో ఆయన సందేశం కనబడింది: పాత పద్ధతే గొప్పదని ఒప్పుకుంటున్నాను. మళ్లీ అలాగే చెయ్యమని అక్కని అందరి తరఫునా వేడుకుంటున్నాను.

"చెల్లెమ్మా, నా బెల్టు జోలికొచ్చావంటే ఊరుకోను!" అని, ఆమె దాన్ని భర్తకి చదవడం విని గోడ మీంచి అరిచాడు పిండిమరాయన.

సీట్లక్క గుంపులో "చూద్దాం" అని రాసి, దాని కింద ఎంతమంది బతిమాలతారో చూడ్డానికి ఎర్ర కారు ముందు సీట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది.