గాంబో సరిచేసిన రేడియోలు

రిమిన్ గోరా సంతలో నా కుట్టుమిషను పక్కనే గాంబో కొట్టు ఉండేది. రెండింటికీ మధ్య ఒక తడిక అడ్డం. పొద్దున్నే వాడు మూత విప్పిన రేడియోలోంచి వచ్చే గురగురలు నా మిషను చప్పుడులో కలిసిపోయేవి. కవలల తర్వాత పుట్టాడని వాడికి గాంబో అని పేరు పెట్టారు. ఆ కవలల్లో ఒకడు పురిట్లోనే పోయాడు. మిగిలిన అక్క పేరు హుసేనా. తల్లి త్వరగా పోవడంతో ఆమే వాడికి అన్నీ అయింది. ఆమెను నది ఒడ్డు పల్లెకి, లవ్వాలి అనే వరి రైతుకి ఇచ్చారు.

లవ్వాలి పొలం ఫడమాలో ఉంది. నది పొంగితే మునిగి, తగ్గితే తేలే పల్లపు నేలని మేం ఫడమా అంటాం. ఎగువన ఆనకట్ట కట్టకముందు ఆ నేలతో ఎవరికీ పేచీ లేదు. వానపడితే నది పెరిగేది, వాన ఆగితే తగ్గేది. ఆనకట్ట వచ్చాక ఎండ కాస్తుండగానే నీళ్ళు రావడం మొదలైంది. పల్లెవాళ్ళు వెళ్ళి మొత్తుకుంటే, తలుపులు ఎత్తే ముందురోజు పట్నం రేడియోలో చెబుతామని ఆనకట్ట ఆఫీసువాళ్ళు మాట ఇచ్చారు. దాంతో ఫడమాలో ప్రతి గుడిసెకీ ఒక రేడియో వచ్చింది. కానీ పట్నం స్టేషను చాలా దూరం. మీడియం వేవులో పగటిపూట బుస తప్ప ఏమీ వినపడేది కాదు.

అలా ఒకరోజు లవ్వాలి తన రేడియో చంకన పెట్టుకుని గాంబో కొట్టుకొచ్చాడు.

"ఏరా బావమరిదీ, ఇందులో పాము దూరిందా ఏమిటి? బుసలు తప్ప మాటలు లేవు."

"పాము పాపమేం లేదు బావా, తప్పంతా నీదే. గుడిసె బయట ఎండలో వేలాడదీస్తావు. లోపల మైనం కరిగి తీగచుట్ట జారిపోయింది. నిన్నూ మిట్టమధ్యాహ్నం కొమ్మకి కడితే నీ మాటలూ ఇలాగే వస్తాయి."

"నా మాటలు ఎలా వచ్చినా మీ అక్క వింటుంది. దీన్ని బాగుచెయ్, లేకపోతే నిన్నే గుడిసెలో కూర్చోబెట్టి వార్తలు చదివిస్తా."

గాంబో మూత విప్పి నాకు చూపించాడు. లోపల వేలెడు పొడుగు నల్ల కడ్డీ, దానిమీద సన్నటి రాగితీగ చుట్ట ఉన్నాయి. గాలిలో వచ్చే స్టేషనుని పట్టేది ఆ రెండే. చుట్ట కడ్డీమీద ఎక్కడ కూర్చుందన్న దాన్నిబట్టి స్టేషను దగ్గరవుతుంది, దూరమవుతుంది. వాడి దగ్గర ఒక జొన్న చువ్వ ఉండేది. దాని ఒక కొసకి విరిగిన నల్ల కడ్డీ ముక్క, రెండో కొసకి ఇత్తడి ఉంగరం కట్టుకున్నాడు. రేడియో ముల్లుని పట్నం స్టేషను దగ్గర పెట్టి, ముందు నల్లకొసని చుట్టకి దగ్గరగా తెచ్చేవాడు. మాట పెరిగితే చుట్టని కడ్డీ మధ్యకి జరపాలి. ఇత్తడికొస తెచ్చినప్పుడు పెరిగితే చివరికి జరపాలి. ఏ కొస తెచ్చినా మాట తగ్గిందంటే చుట్ట సరైన చోట కూర్చున్నట్టు. తర్వాత ముల్లుని అంకెల పట్టీ రెండో చివరికి తీసుకెళ్ళి, అక్కడ చిన్న మరని వెంట్రుకంత తిప్పి, మళ్ళీ చుట్ట దగ్గరికి వచ్చేవాడు. గట్టిగా వచ్చే స్టేషనుతో ఈ పని చెయ్యకూడదట. అది ఎలా ఉన్నా బాగానే వినిపించి మోసం చేస్తుంది. అందుకే గొంతు తగ్గించి, చెవి ఆనించి, బుస ఎక్కడ సన్నబడుతుందో వినేవాడు. చివర్లో మైనానికి బదులు నా దగ్గర దారం అడిగి తీసుకుని చుట్టని కడ్డీకి బిగించి కట్టేవాడు. ఎండకి దారం కరగదు.

సాయంత్రానికి లవ్వాలి రేడియోలో పట్నం మనిషి గొంతు సవరించుకోవడం కూడా వినపడింది.

"ఓరి నీ దుంపతెగ," అన్నాడు లవ్వాలి. "వీడు ఏం తిన్నాడో కూడా చెప్పొచ్చు."

ఆ వారమే గాంబో సంచి భుజాన వేసుకుని ఫడమాకి వెళ్ళాడు. నేనూ తోడు వెళ్ళాను. గుడిసె గుడిసెకీ తిరిగి చాప పరిచి కూర్చుని రేడియోలన్నీ సరిచేశాడు. రేడియో పొడుగు వైపు పట్నానికి ఎదురుగా ఉండాలని, కొస చూపిస్తే స్టేషను మొహం తిప్పుకుంటుందని అందరికీ చూపించాడు. హుసేనా తమ్ముడికి చింతాకంత కష్టం కలగనివ్వకుండా మజ్జిగలో జొన్నముద్ద కలిపి తెచ్చింది. వాడు తింటుంటే పక్కన కూర్చుని ఈగలు తోలింది.

లవ్వాలికి ఒక అలవాటు ఉండేది. పొద్దున లేవగానే నది దగ్గరికి వెళ్ళి నురుగు చూసేవాడు. నురుగు పసుపుపచ్చగా, పుల్లలు కలిసి వస్తే చాప చుట్టి మెట్టకి ఎక్కేసేవాడు. ఆనకట్ట రాకముందూ అంతే, వచ్చాకా అంతే. కొన్నిసార్లు ఊరికే ఎక్కేవాడు. అతను లేనప్పుడు పిట్టలు వరి దులిపేసేవి. గాంబో దానిమీద బావని ఆటపట్టించేవాడు.

"ఇక నురుగుతో నీకేం పని బావా? నీళ్ళు వదిలేవాడే చెబుతాడు కదా. నువ్వు పిట్టల్ని తోలు, వినే పని నా రేడియోకి వదిలెయ్. మళ్ళీ నురుగు చూసి పరిగెత్తావని తెలిస్తే సంతంతా చెప్పి నవ్విస్తా."

ఆ ఏడు రేడియోలో ఆనకట్ట మాట వచ్చింది. జనం మేకలతో సహా మెట్టకెక్కారు. నీళ్ళు వచ్చి పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తర్వాత గాంబో సంతలో నడిస్తే ఫడమావాళ్ళు మా వైపు మర్యాదకి ఇచ్చి నమిలే కోలా కాయలు చేతిలో పెట్టేవాళ్ళు. "ఇదంతా బావ వల్లే, ఆయనదే మొదటి బేరం" అనేవాడు వాడు. లోపల మాత్రం పొంగిపోయాడు.

మరుసటి ఏడు వరి పాలుపోసుకుని గట్టిపడే వేళ. పిట్టలు మబ్బులా దిగుతున్నాయి. రైతులందరూ పగలంతా గుడిసెల్లోనే ఉండి డబ్బాలు వాయిస్తున్నారు. ఆ రెండు మూడు రోజులు గాంబో కొట్టులో పట్నం స్టేషను మోగుతూనే ఉంది. నేనూ విన్నాను. పాటలు వచ్చాయి, మతబోధ వచ్చింది, వేరుశనగ ధరలు వచ్చాయి, చావు కబుర్లు వచ్చాయి. ఆనకట్ట మాట రాలేదు.

ఎండ బాగా ఎక్కాక నీళ్ళొచ్చాయి. మేం సంతలో ఉండగా మొదట కేకలు వినపడ్డాయి. గాంబో చేతిలో పనిముట్టు పడేసి పరుగెత్తాడు. మేం మెట్ట అంచుకి చేరేసరికి వరి లేదు, గుడిసెలు లేవు, ఎర్రటి నీళ్ళలో కప్పులు తిరుగుతున్నాయి. లవ్వాలితో కలిపి నలుగురు పోయారు. అతన్ని దిగువన ముళ్ళపొదలో చిక్కుకుని ఉండగా తీశాం. గాంబో తన చొక్కా విప్పి కప్పాడు.

వారం తర్వాత ఆనకట్ట ఆఫీసువాళ్ళు జీపులో వచ్చారు. వెనకే బియ్యం బస్తాల లారీ వచ్చింది. ఊరిపెద్ద ఇంటిముందు నీడలో కుర్చీలు వేశారు. వాళ్ళలో ఒకాయన చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

"మేం చెప్పాం. ముందురోజు పొద్దునా, సాయంత్రమూ రేడియోలో చెప్పించాం. ఇక్కడి రేడియోలకి మా స్టేషను సరిగా అందదని తెలిసింది. పైగా చదువులేనివాళ్ళెవరో వాటిని విప్పి గెలికారట."

గాంబో ముందుకొచ్చాడు. చేతిలో రేడియో ఉంది. నేలమీద పెట్టి తిప్పాడు. పట్నం మనిషి గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. ఆ ఆఫీసాయన కాసేపు విని తలూపాడు.

"ఇవాళ ఆకాశం బాగుంది," అన్నాడు.

"ఆ రోజూ బాగానే ఉందయ్యా. నేను ముందురోజు పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నా. మీరు చెప్పలేదు."

అప్పుడు వెనకనుంచి ఒక రైతు లేచాడు. అతను ఆ రోజు పెళ్ళికి వెళ్ళి, గుడిసెలోనే లేడు. రేడియో ముట్టుకోనే లేదు.

"గాంబో ముట్టుకున్నాక నా రేడియో మూగబోయింది," అన్నాడు. ఇంకో ఇద్దరు అవునవునన్నారు. వాళ్ళ కళ్ళు లారీ మీదే ఉన్నాయి.

గాంబో మళ్ళీ నోరు తెరవబోయాడు. ఊరిపెద్ద వాడి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. నేను దగ్గర్లోనే ఉన్నాను.

"నోరు మూసుకో గాంబో. బస్తాలు ఇంకా దించలేదు."

వాడు మూసుకున్నాడు. సాయంత్రానికి బస్తాలు దించారు. హుసేనా ఇంటికీ ఒకటి వెళ్ళింది.

ఆమె విధవ మైలలో ఉన్నన్నాళ్ళూ గాంబో చూడ్డానికి వెళ్ళేవాడు. గడప దగ్గరే కూర్చుని వచ్చేసేవాడు. మైల చివర్లో ఒకరోజు నన్నూ రమ్మన్నాడు. ఒంటరిగా వెళ్ళడానికి భయం వేసిందనుకుంటా. హుసేనా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆమే మొదలుపెట్టింది.

"ఆ పొద్దున నేను జావ తీసుకుని గుడిసెకి వెళ్ళా. మీ బావ నురుగు చూసొచ్చాడు. చాప చుట్టేశాడు. మళ్ళీ పరిచి కూర్చున్నాడు. నేను అడిగా, పోదాం పదమని. 'రేడియో ఇంకా ఏం చెప్పలేదే. మీ తమ్ముడికి తెలిస్తే సంతంతా నవ్విస్తాడు' అన్నాడు."

"అక్కా, నేను సరిగ్గానే చేశా. ఒట్టు. ఆ రేడియోలన్నీ..."

"నాకు తెలుసు. ఊళ్ళోవాళ్ళు అనేది అబద్ధమని తెలుసు. నువ్వు పాడుగా చేసుంటే నీ బావ ఆ రేడియోని నమ్మేవాడు కాదు."

ఆ రోజు నుంచీ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు.

గాంబో కొట్టు మూయలేదు గానీ రేడియోలు పట్టుకోవడం మానేశాడు. టార్చిలైట్లు, ఇస్త్రీపెట్టెలు మాత్రం బాగుచేసేవాడు. ఎవరైనా రేడియో తెస్తే "అక్కడ పెట్టకు" అనేవాడు, తల ఎత్తకుండా. కానీ తన రేడియో ఒకటి మాత్రం పొద్దంతా మోగించేవాడు. ఒక్క పూటా ఆపేవాడు కాదు. తిండికి వెళ్ళినా నన్ను వినమని చెప్పి వెళ్ళేవాడు.

మూడో ఏడు వానల చివర ఆ మాట వచ్చింది. రేపు తలుపులు ఎత్తుతున్నారు, పల్లపు నేలల్లోవాళ్ళు తప్పుకోవాలి అని. గాంబో చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాడు. నేను ఆయాసపడుతూ వెనకాల వెళ్ళాను. పల్లె మొదట్లోంచే అరవడం మొదలుపెట్టాడు. ఫడమాలో పిట్టల్ని తోలుతున్నవాళ్ళు డబ్బాలు ఆపి చూశారు.

"ఎవరు చెప్పారు? నీ డబ్బానా?" అన్నాడొకడు.

"వెళ్ళు గాంబో, వెళ్ళి ఇస్త్రీపెట్టె బాగుచేసుకో," అన్నాడింకొకడు. నవ్వారు.

వాడు ఒక్కొక్కరి కాళ్ళూ పట్టుకున్నంత పని చేశాడు. ఎవరూ కదల్లేదు. ఆ గోల విని హుసేనా బయటికొచ్చింది. తమ్ముణ్ణి చూడలేదు. గట్టుమీద నిలబడి గొంతెత్తి ఒక్కటే అంది.

"నా మొగుడు ఇలాగే కూర్చున్నాడు. లేవండి."

జనం లేచారు. మర్నాడు నీళ్ళొచ్చాయి, వరి పోయింది, మనుషులు మిగిలారు. అందరూ హుసేనా ఇంటికి వెళ్ళి దీవించి వచ్చారు. గాంబో కొట్టుకి ఒక్కరూ రాలేదు.

మెట్ట పంటలైపోయాక వాడు కొట్టు అమ్మేసి, పెళ్ళాంతో ఉత్తరాన ఆమె పుట్టింటి ఊరు వెళ్ళిపోయాడు. అక్కడ బస్సుల అడ్డా దగ్గర సైకిళ్ళకి పంక్చర్లు వేస్తున్నాడు. కిందటి ఎండల్లో గుడ్డ కొనడానికి అటు వెళ్ళి వాడి ఇంట్లో దిగాను. ఇంట్లో రేడియో లేదు. వార్తలు వినాలంటే పెళ్ళాం పక్కింటికి వెళుతుందట. వీపు వంగింది, మనిషి బాగానే ఉన్నాడు. భోజనం అయ్యాక అడిగాడు.

"అక్క బాగుందా?"

"బాగుంది. కొడుకు దగ్గర ఉంటోంది."

"నన్నేమైనా అడిగిందా?"

ఒక చిన్న అబద్ధం చెబితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"లేదురా," అన్నాను.

వాడు తలూపి, కోలా కాయని రెండు ముక్కలు చేసి ఒకటి నాకిచ్చాడు.