మొగిలి అంటే కోటు కాదు

పెళ్లి ఎదుర్కోళ్లలో నలుగురి ముందు కోటు విప్పించి, బనియన్ మీదనే వాయించమంటే మొగిలి అలాగే క్లారినెట్ వాయించాడు. స్వరం తప్పలేదు. తప్పింది మనం.

చొప్పదండిలో తళతళలాడే సూటును ఇప్పుడు ‘మొగిలి’ అంటారు. "అన్నా, జర మంచి మొగిలి సూపెట్టు" అని కరీంనగర్ బట్టల దుకాణాల్లో అడిగేవాళ్లూ ఉన్నారు. అదొక మనిషి పేరని వాళ్లకు తెలియదు. తెలిసిన మనమూ చెప్పలేదు.

పెళ్లి బ్యాండులో పనిచేసే మొగిలి కొత్త కోటు కుట్టమని దర్జీ హనుమండ్లును అడిగాడు. ఊళ్లో పెద్ద ఆసామి చొక్కారావు, తన కొడుకు పెళ్లిసూటుకు తెచ్చిన మెరుపుల ఎర్ర మఖ్మల్ అప్పటికే బాగా మిగిలింది. మిగిలిన బట్ట చెప్పకుండా ఉంచుకోవడం హనుమండ్లుకు అలవాటు. దానితోనే మొగిలికి కోటు కుట్టాడు. ఆ పెళ్లికి వాయించేది ఏ బ్యాండో అడగనే లేదు.

ఎదుర్కోళ్లకు పెళ్లికూతురి మేనమామ ఆదిలాబాద్ నుంచి వచ్చాడు. పెళ్లికొడుకును ఎన్నడూ చూడలేదు. ఎర్రకోటులో బ్యాండు ముందు నడుస్తున్న మొగిలి మెడలో దండ వేసేశాడు. జనం గొల్లుమన్నారు.

"నా కొడుకుతోని సమానమా నువ్వు? ఇప్పు కోటు!" అని చొక్కారావు అరిచాడు.

అక్కడే ఉన్న హనుమండ్లు తల దించుకున్నాడు. తెల్లారేసరికి ఊళ్లో కొత్త మాట పుట్టింది.

మొన్న మొగిలి కూతురు రేవతికి పెళ్లి కుదిరింది.

"కార్డుల నా పేరు వద్దు బిడ్డా. మీ అత్తగారోల్లు నవ్వుతరు."

"బాపు పేరు లేకుంటే నాకు పెండ్లే వద్దు" అని రేవతి అన్నం ముట్టలేదు.

సంగతి తెలిసి హనుమండ్లు వచ్చాడు.

"అన్నా, గా బట్ట దాసుకున్నది నేనే. ఆనాడు నోరు తెరవలే."

"నాకెర్కనే. పెండ్లి పిలగాడు గదే బట్ట సూటుతోని కారు దిగంగనే సమజైంది."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే నీకు ఎవడిస్తడే బట్ట? కోటే కదా పోయేదనుకున్న. పేరు పోతదనుకోలే."

హనుమండ్లు చొక్కారావు ఇంటికి పోయి నిజం చెప్పాడు. "ఇడువు తియ్, పాత ముచ్చట" అన్నాడాయన. కోటు విప్పించినవాళ్లకు అది ఎప్పుడూ పాత ముచ్చటే.

తండ్రి పేరుతోనే రేవతి కార్డు అచ్చయింది. మీ ఇంటికీ వస్తుంది. ఆ పేరు నవ్వకుండా, పైకి చదవండి. సూటును సూటనండి. ఎవరైనా ‘మొగిలి’ అంటే అక్కడే ఆపి, ఆయన క్లారినెట్ వాయిస్తాడని చెప్పండి.